అమెరికా కొలతలు, అమలాపురం అవసరాలు

అమెరికా నుంచి సంక్రాంతికి ఊరెళ్లే మనవాళ్ల సూట్‌కేసుల్లో ఒక ఫోను డబ్బా తప్పకుండా ఉంటుంది. చాక్లెట్లూ విటమిన్ మాత్రలూ కళ్లు మూసుకుని కొనేస్తాం గానీ, ఫోను దగ్గరికి వచ్చేసరికి అందరం పండితులమే. రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టి ప్రాసెసర్, ర్యామ్, మెగాపిక్సెళ్లు బేరీజు వేసి, అర్ధరాత్రి దాకా వీడియోలు చూసి, చివరికి మనకు నచ్చినదాన్ని అమ్మానాన్నలకు పట్టుకెళ్తాం. ఇక్కడే నాకు పేచీ. పోలిక శ్రద్ధగానే చేస్తున్నాం, కానీ కొలతలన్నీ మనవే. ఆ ఫోను కాపురం చేయాల్సింది గౌతమికీ వసిష్ఠకూ మధ్యన.

ఉదాహరణకు 2025లో వచ్చిన రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు చూడండి: గూగుల్ పిక్సెల్ 9ఏ, శామ్‌సంగ్ గెలాక్సీ ఏ56. విడుదలైనప్పుడు అమెరికాలో రెండూ 499 డాలర్ల నుంచే మొదలయ్యాయి. పిక్సెల్‌కు ఏడేళ్ల అప్‌డేట్లు, గెలాక్సీకి ఆరేళ్లు. నీటి రక్షణలో పిక్సెల్‌ది ఐపీ68, గెలాక్సీది ఐపీ67. ఫొటోల్లో పిక్సెల్‌దే పైచేయి, వాదన అనవసరం. నేను ఇక్కడ వాడేది కూడా పిక్సెలే. ఈ లెక్కన ఎవరైనా పిక్సెలే కొంటారు. కోనసీమలో ఉండే పెద్దవాళ్లకు మాత్రం నేను గెలాక్సీయే కొనమంటాను. అదీ అక్కడి దుకాణంలోనే.

అన్నిటికన్నా ముందు సిమ్ సంగతి. మన వైపు పెద్దవాళ్లలో చాలామందికి రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి ఏనాటిదో బీఎస్‌ఎన్‌ఎల్ నంబరు. బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. రెండోది ఇంటర్నెట్టు కోసం తీసుకున్న జియోనో, ఎయిర్‌టెల్లో. భారత్‌లో అమ్మే ఏ56లో రెండు సిమ్‌లూ పెట్టుకోవచ్చు. పిక్సెల్ 9ఏలో ఒక్క సిమ్‌కే చోటు, రెండో నంబరును ఈ-సిమ్‌గా, అంటే ముక్క లేకుండా ఫోనులోనే ఇమిడిపోయే సిమ్‌గా మార్చుకోవాలి. మనకు అది కాఫీ తాగే లోపు అయిపోయే పని. మరి ఆ ఫోను నూతిలో పడితే? సిమ్ ముక్క అయితే పక్కింటి కుర్రాడు పిన్నుతో బయటికి తీసి, అటక మీది పాత ఫోనులో వేసి, అక్కడికక్కడే నాన్నగారి చేత మనకు ఫోను చేయిస్తాడు. ఈ-సిమ్ అయితే కొత్త ఫోనులోకి ఎక్కించుకోవడానికి కంపెనీ వాళ్లను ఆశ్రయించాలి. లంక గ్రామంలో ఉండేవారైతే ఆధార్ కార్డు సంచిలో వేసుకుని, పడవెక్కి రేవు దాటాలి.

ఈలోగా జరిగే నష్టం కూడా చిన్నది కాదు. బ్యాంకులో నమోదైన నంబరు ఆ ఫోనులోనే ఉందో లేదో ఎస్సెమ్మెస్ ద్వారా సరిచూసుకున్నాకే యూపీఐ పనిచేస్తుంది. ఆ నంబరు లేకపోతే చేపలమ్మికి ఇవ్వాల్సిన వంద రూపాయలు కూడా కదలవు. పైగా 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలు ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోకే వచ్చాయి. ఇప్పుడు ఫోను అంటే సగం తహసీల్దారు కార్యాలయం.

సిగ్నలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2022లో జరిగిన 5జీ వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలు కొన్న కంపెనీ జియో ఒక్కటే. ఫోను వివరాల్లో ఎన్28 అని రాసేది దీన్నే. ఎన్78 అంటే 3.5 గిగాహెర్ట్జ్ ప్రాంతం. దానికి వేగం ఎక్కువ, గోడలంటే భయమూ ఎక్కువే. టవరుకు దూరంగా కొబ్బరితోట మధ్యన ఉన్న ఇంట్లో, వెనక వసారాలో కూర్చుని మాట్లాడేవారిని ఆదుకునేది ఆ 700 లాంటి తక్కువ పౌనఃపున్యమే. పైగా జియోకు 2జీ, 3జీ లేవు. మామూలు ఫోను మాట కూడా వోల్టీ మీదే, అంటే డేటా దారిలోనే నడవాలి. భారత్‌లో అమ్మే ఈ రెండు ఫోన్లకూ ఆ హంగులన్నీ ఉన్నాయి కాబట్టి ఇక్కడ తగువు ఫోనుకూ ఫోనుకూ మధ్య లేదు, కొన్న దేశంతోనే. అమెరికా మోడల్‌లో బ్యాండ్లు, వోల్టీ, వైఫై కాలింగ్ భారత్ నెట్‌వర్కుతో పూర్తిగా కలుస్తాయన్న భరోసా లేదు. వాయిదాల మీద తీసుకున్నదైతే బాకీ తీరేదాకా దానికి మన క్యారియర్ తాళం, వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. వారంటీ కూడా సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది. ‘మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడు’ అన్న మాటకు పెళ్లిళ్లలో విలువ ఉందని నాకూ తెలుసు. దానికి ఒక సెంటు సీసా చాలు.

బ్యాటరీ దగ్గర మన పట్టికలు బొత్తిగా దారి తప్పిస్తాయి. పిక్సెల్‌ది 5,100 ఎంఏహెచ్, గెలాక్సీది 5,000 అని తేడా చూసి మురిసిపోతాం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం సమీపంలో తీరం దాటింది. అలాంటి రాత్రుల్లో, ఆ మర్నాడు, ఎక్కడో జనరేటరు దగ్గర కాసేపు ఛార్జింగుకు చోటు దొరికితే అదే పదివేలు. ఆ కాసేపట్లో ఎంత నిండుతుందన్నదే అసలు లెక్క. ఏ56 45 వాట్ల దాకా తీసుకుంటుంది, పిక్సెల్ 9ఏ 23 దగ్గర ఆగిపోతుంది. ఛార్జరు మాత్రం రెండింటి డబ్బాలోనూ ఉండదు, విడిగా కొనాల్సిందే.

ఇంకో మెలిక ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పిక్సెల్ 9ఏలో బ్యాటరీ ఆరోగ్యం పేరుతో ఒక ఏర్పాటు పెట్టారు. 200 ఛార్జింగ్ సైకిళ్ల నుంచి 1,000 సైకిళ్ల వరకు బ్యాటరీ వోల్టేజీని అది మెల్లమెల్లగా తగ్గిస్తూ పోతుంది, దాంతో ఛార్జింగు నిలిచే సేపూ తగ్గుతుంది. వద్దనుకున్నా ఆపలేం. రోజుకొకసారి నిండా ఛార్జింగ్ పెట్టేవారికి 1,000 సైకిళ్లు మూడేళ్ల లోపే పూర్తవుతాయి. ఏడేళ్ల అప్‌డేట్ల మాట ఎంత గొప్పగా ఉన్నా, నాలుగో ఏట మధ్యాహ్నానికే చార్జరు వెతుక్కునే ఫోనుతో అమ్మ వేగలేదు.

నీటి రక్షణ అంకెల్లో ఏడుకూ ఎనిమిదికీ మధ్య తేడాను నేను లెక్కలోకి తీసుకోను. ఆ పరీక్షలు మంచినీళ్లలో చేసేవి. భీమవరం, నర్సాపురం వైపు రొయ్యల చెరువుల్లో ఉండేది ఉప్పు కలిసిన నీరు. పైగా తడిసి పాడైన ఫోనుకు సాధారణంగా వారంటీ వర్తించదు.

ఒక్క విషయంలో మాత్రం నా తీర్పు తడబడుతుంది. మిట్టమధ్యాహ్నం, పైన ఎండ, కింద చెరువు నీళ్ల మీది తళతళ, గట్టు మీద నిలబడి ఒక చేయి ఫోనుకు గొడుగులా పట్టి, కళ్లు చికిలించి రొయ్యల కౌంటు రేటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కన ధర) చదవాలి. అక్కడ స్క్రీన్ వెలుగే ప్రాణం. పిక్సెల్ గరిష్ఠ వెలుగు 2,700 నిట్లు, ఏ56ది 1,900. నాన్నగారు రోజంతా చెరువు గట్టునే ఉండేవారైతే, ఇంతవరకు చెప్పిన మాట వెనక్కి తీసుకుని అక్కడే పిక్సెల్ కొనమంటాను.

వేలిముద్ర విషయంలో రెండూ దొందూ దొందే. ముద్ర తీసుకునే చోటు రెండింటిలోనూ స్క్రీన్ కిందే. దశాబ్దాల తరబడి కొబ్బరి పీచు ఒలిచిన వేళ్లకు గీతలెక్కడ మిగులుతాయి? రేషన్ డిపోలో యంత్రం మీద నాలుగుసార్లు నొక్కినా ముద్ర పడని పెద్దవాళ్లను ఊరికొకరిని చూస్తాం. వాళ్లకు నాలుగంకెల పిన్ను పెట్టేసి, అది ఎవరికీ చెప్పవద్దని గట్టిగా చెప్పి రావడమే మేలు.

తెలుగు కీబోర్డు, మాట చెబితే టైపు చేయడం రెండింటిలోనూ ఉన్నాయి. దాని గురించి పోల్చడానికేమీ లేదు.

ఇక ధర. భారత్‌లో 256 జీబీ మోడళ్ల విడుదల ధర పిక్సెల్‌కు 49,999 రూపాయలు, ఏ56కు 44,999. మిగిలిన అయిదు వేలలో ఛార్జరు, పవర్ బ్యాంకు, కవరు వచ్చేస్తాయి. కవరంటే గుర్తొచ్చింది, గెలాక్సీ ఏ వరుసకు స్క్రీన్‌గార్డులు, కవర్లు రావులపాలెం లాంటి చోట కూడా బల్ల మీద వేలాడుతుంటాయి. బాగుచేసే కుర్రాళ్లకూ వాటి మీద చెయ్యి తిరిగింది. కొనేముందు మీ ఊరికి దగ్గర్లో ఏ కంపెనీ సర్వీసు సెంటరు ఉందో మాత్రం ఫోను చేసి కనుక్కోండి.

ఇన్ని చెప్పాక, కొనే రోజున అమ్మను దుకాణానికి తీసుకెళ్లండి. ఏ56 స్క్రీన్ 6.7 అంగుళాలు, బరువు 198 గ్రాములు. పిక్సెల్ 6.3 అంగుళాలు, 186 గ్రాములు. అక్షరాలు పెద్దవి కావాలా, చేతిలో ఇమిడేది కావాలా అన్నది పట్టుకుని చూస్తే గాని తేలదు. స్పీకరు పెట్టి మాట్లాడించండి. పక్కన ఫ్యాను తిరుగుతుండగా వినపడిందంటే చాలు. ఆవిడ ‘ఇది బరువుగా ఉందిరా’ అంటే నా వ్యాసం పక్కన పడేయండి.

కొనడం కూడా భోగికి నాలుగు రోజుల ముందే పూర్తి చేయండి. ఫోను మార్చాక మొదటి 24 గంటలు యూపీఐలో 5,000 రూపాయలకు మించి కదలనివ్వరు. పండుగ బట్టలకు ఆ పైకం సరిపోదు.