పాదాల వాపుకు ప్రోటీన్ పొడి మందు కాదు

"గోళ్ళ మీద తెల్ల మచ్చలు, పాదాల వాపు, జుట్టు రాలడం కనిపిస్తే ఒంట్లో ప్రోటీన్ అయిపోయినట్టే, పప్పన్నంలోని ప్రోటీన్ అసంపూర్ణం కనుక ఒంటికి పట్టదు, రోజూ రెండు చెంచాల ప్రోటీన్ పొడి వాడండి" అనే సందేశం వాట్సాప్‌లో విరివిగా తిరుగుతోంది. ఇందులో ఉన్న కాస్త నిజమే దీన్ని ప్రమాదకరం చేస్తోంది.

ముందుగా వాపు సంగతి. తీవ్రమైన పోషకాహార లోపంలో వాపు వస్తుందన్నది నిజమే. నేడు ఘానాగా పిలుస్తున్న గోల్డ్ కోస్ట్‌లో పనిచేసిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్, తల్లిపాలు మానిన తరువాత దాదాపు మొక్కజొన్న జావతోనే పెరుగుతున్న పిల్లల్లో కాళ్ళూ చేతులూ వాచి చర్మం పొరలుగా ఊడిపోయే జబ్బును గమనించి, దాన్ని 1935లో క్వాషియార్కర్ అనే స్థానిక నామంతోనే వైద్యలోకానికి పరిచయం చేశారు. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గినప్పుడు నీరు రక్తనాళాల్లో నిలవక కణజాలంలోకి దిగుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కానీ అదీ పూర్తి వివరణ కాదు. ఒకే రకం తిండి తింటున్న పిల్లల్లో కొందరు వాచిపోతే, మరికొందరు వాపు లేకుండానే చిక్కి శల్యమవుతున్నారని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్ 1960లలోనే ఎత్తిచూపారు.

మూడు పూటలా తినే పెద్దవారికి పాదాలు వాస్తే మొదట అనుమానించవలసినవి గుండె, మూత్రపిండాలు, కాలేయం. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర వల్ల కూడా వాపు రావచ్చు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బులో అల్బుమిన్ తగ్గేది తిండి చాలక కాదు, అది మూత్రంలో పోవడం వల్ల. మూత్రపిండాలు బాగా దెబ్బతిని ఇంకా డయాలసిస్ దాకా రాని రోగికి వైద్యులు ప్రోటీన్‌ను తగ్గించమనే సందర్భాలున్నాయి. అటువంటి వ్యక్తి ఈ సందేశాన్ని నమ్మి, పరీక్షలు మానేసి పొడి కలుపుకు తాగితే జరిగే నష్టానికి బాధ్యులెవరు?

గోళ్ళ మీది చుక్కలు సాధారణంగా గోరు మొదట్లో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. గోరు పెరిగేకొద్దీ పైకి జరిగి పోతాయి. జుట్టు రాలడానికి రక్తహీనత, థైరాయిడ్, కాన్పు, రెండు మూడు నెలల కిందటి జ్వరం వంటి కారణాలెన్నో ఉన్నాయి.

ఇక పప్పన్నం. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న భాగాలతో తయారవుతుంది. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, కందిపప్పులో ఎక్కువ. పప్పులో కొరవడిన మరో అమైనో ఆమ్లం మిథియోనిన్‌ను బియ్యం పూరిస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 65 కిలోల పురుషుడికి సుమారు 54 గ్రాముల ప్రోటీన్ కావాలి. 300 గ్రాముల బియ్యంలో సుమారు 23, 75 గ్రాముల కందిపప్పులో 16, 300 మిల్లీలీటర్ల పాలలో 10, గుడ్డులో లేదా గుప్పెడు వేరుశనగపప్పులో 6 గ్రాములు వస్తాయి. లెక్క సరిపోయింది.

అయితే ఆ పప్పు నిజంగా 75 గ్రాములుండాలి. కుండెడు నీళ్ళలో గుప్పెడు పప్పు వేసి కాచిన చారును అందరూ తిన్నాక మిగిలినంత పోసుకునే ఇల్లాలికి, పళ్ళూడి మజ్జిగన్నంతోనే సరిపెట్టుకునే వృద్ధులకు లోపం నిజంగానే ఉండవచ్చు. శరీరంలో ప్రోటీన్‌కు కొవ్వులాగా విడి నిల్వ లేదు కనుక, లోటు వచ్చినప్పుడు కండరమే కరుగుతుంది. పట్టు సడలుతుంది, పుండ్లు ఆలస్యంగా మానుతాయి, అంటువ్యాధులను తట్టుకునే శక్తి తగ్గుతుంది. సందేశంలో వీటి ఊసే లేదు.