బిందె నీళ్లలో బొగ్గు లెక్క

ఊరికి నీళ్లు పంపడంలో వెలువడే కార్బన్ ఖర్చును నీటి పన్నులో కలపాలనే వాదన ఉంది. ముందు ఆ లెక్క చూద్దాం. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు ఒంగోలు దాకా వాలుకే వచ్చేస్తాయి. కరెంటు ఖర్చు మొదలయ్యేది ఆ తర్వాతే. కాలువ నీళ్లు నిల్వ ఉంచే సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల నుంచి వడకట్టే ఫిల్టర్ బెడ్లకు, అక్కడి నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకులకు మోటార్లతో ఎక్కించాలి. ఆపైన ఇంటింటా ఒక సంపు, మేడ మీద ట్యాంకు, మధ్యలో మరో మోటారు.

ఇవన్నీ కలిపి వంద మీటర్ల ఎత్తు అనుకుందాం. వెయ్యి లీటర్లను అంత పైకి చేర్చడానికి సిద్ధాంతం ప్రకారం 0.27 యూనిట్లు చాలు. పంపుల్లో పోయేది కూడా చూసుకుంటే అర యూనిట్ అవుతుంది. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. నెల్లూరు జిల్లా నేలటూరు దగ్గరి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం మన పక్కనే ఉంది. దేశ సగటున యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే వెయ్యి లీటర్లకు 350 గ్రాములు.

దీన్ని నీటి పన్నులో కలపాలనే వాదన సరైనదే. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 16 వేల లీటర్లు. కిలో కార్బన్ డయాక్సైడ్‌కు రూపాయి వేసినా ఆరు రూపాయలు కావు. భరించగలిగిందే. కానీ మీటరు లేని కుళాయికి అందరితో సమానంగా ఆ ఆరు రూపాయలు తగిలిస్తే, పొదుపుగా వాడినవాళ్లకు ఏం మిగులుతుంది?

నన్ను బాధపెట్టేది ట్యాంకరు లెక్క. ఎండాకాలంలో శివారు కాలనీకి 5 వేల లీటర్ల ట్యాంకరు వెళ్లి రావడానికి మూడు లీటర్ల డీజిల్ పట్టిందనుకోండి. లీటరు డీజిల్‌కు దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఆ లెక్కన వెయ్యి లీటర్లకు 1.6 కిలోలు, కుళాయి నీళ్లకు నాలుగు రెట్ల పైమాటే! అతి తక్కువ నీళ్లు దొరికేవాళ్ల బిందెలోనే అతి ఎక్కువ కార్బన్ ఉంటోంది. ఉన్నది ఉన్నట్టు ధర కడితే శిక్ష వాళ్లకే.

అందుకే ఈ ఖర్చును ముందు కార్పొరేషన్ పద్దులో రాయాలి. ఎక్కించిన నీళ్లలో వందకు ముప్పై లీటర్లు దారిలో కారిపోతే ఆ ముప్పైకీ కరెంటు కాలినట్టే, ఆ బిల్లు జనానిది కాదు. మీటర్లు పెట్టాక 135 లీటర్ల పైన వాడకానికి కార్బన్ రేటు వేయండి, నేనూ కడతాను. ట్యాంకరు డీజిల్ కార్బన్‌ను మాత్రం ఆ కాలనీకి పైపు పడే వరకు కార్పొరేషనే మోయాలి.