ఐదు వేల పాంప్లెట్ల కన్నా మూడు సందులు మేలు

తెల్లవారుజామున నాలుగున్నర. విజయవాడ సత్యనారాయణపురంలో మూసి ఉన్న ఓ కొట్టు అరుగు మీద పేపర్ కట్టలు విప్పుతున్నారు. పక్కనే పాంప్లెట్ల దొంతర. ఏజెంటు దగ్గర పనిచేసే కుర్రాడు ఎడం చేత్తో పేపర్ మడత తెరిచి, కుడి చేత్తో ఓ కాగితం లోపలికి తోసి పక్కన పడేస్తున్నాడు. ఆదివారమైతే ఒక్కో పేపర్లో మూడు నాలుగు పడతాయి. చీరల షాపు, కోచింగ్ సెంటరు, ప్లాట్ల వెంచరు, వాటి మధ్యలో ఎక్కడో కొత్తగా పెట్టిన కర్రీ పాయింటు. ఇంట్లో పేపర్ దులపగానే అన్నీ ఒక్కసారే రాలి, ఒక్కసారే చెత్తబుట్టలోకి పోతాయి.

ఇది చూసే చాలామంది 'చేతిలో ఫోనుండగా పాంప్లెట్లు ఎవరు చదువుతారు' అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. చిన్న వ్యాపారానికి పాంప్లెట్ ఇప్పటికీ పనికొస్తుంది. దెబ్బ తగులుతున్నది ఎన్ని వేయించాలి, ఎక్కడ పంచాలి అన్న లెక్క దగ్గర.

ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేటు (అచ్చుకు ముందు తయారుచేసే రేకు) ఖర్చు, మిషన్ సెట్టింగు వెయ్యికైనా ఐదు వేలకైనా ఒకటే. అందుకే ప్రెస్సాయన 'ఇంకో రెండు వేలు వేయించుకోండి, పెద్ద తేడా రాదు' అంటాడు. అందులో మోసమేమీ లేదు, అచ్చు వరకు అది నిజమే. పంచేటప్పుడు మాత్రం ప్రతి కాగితానికీ డబ్బు పడుతూనే ఉంటుంది. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద ఏ5 సైజు (ఏ4లో సగం) పాంప్లెట్ రెండు గ్రాముల పైచిలుకు తూగుతుంది. ఐదు వేలంటే దాదాపు 11 కిలోలు. కర్రీ పాయింటుకు వచ్చేదేమో పది నిమిషాల నడక దూరంలో ఉన్నవాళ్లు. పావుకిలో పప్పు కోసం ఊరి ఆ చివర నుంచి ఎవరూ బండేసుకుని రారు. అంటే ఆ 11 కిలోల్లో ఎక్కువ భాగం ఎప్పటికీ మన గడప తొక్కని ఇళ్లకే పోతుంది.

మా వదిన కర్రీ పాయింటు పెట్టినప్పుడు ఇలాగే చేశాం. మల్టీకలర్, ఆర్ట్ పేపర్, ఐదు వేలు. పైగా అచ్చుకు ముందు ఇచ్చే నమూనా, అంటే ప్రూఫ్, సరిగా చూసుకోలేదు. తెలుగు డీటీపీలో, అంటే అచ్చు కోసం కంప్యూటర్లో పేజీ కూర్చే పనిలో, చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి. ఫోన్లలో వాడే యూనికోడ్ తెలుగు వేరు, ఇవి వేరు. మనం వాట్సాప్‌లో పంపిన తెలుగు అందులోకి నేరుగా ఎక్కదు, కన్వర్ట్ చేయాలి లేదా మళ్లీ టైప్ చేయాలి. తొందరలో ఆపరేటర్ పాత ఫైలు తెరిచి పైపైన మార్చేస్తాడు. మాకు అదే జరిగింది. ఇంకెవరి షాపుదో 'ఆదివారం సెలవు' అన్న ముక్క అడుగున అలాగే ఉండిపోయింది. చికెన్ కూర ఎక్కువ పోయేదే ఆదివారం! ఐదు వేల ఇళ్లకు మా డబ్బుతో మేమే సెలవు చాటించుకున్నాం. వదిన ఆ రాత్రి అన్నం తినలేదు.

రెండోసారి రెండు వందలే. పసుపు కాగితం మీద వంద, గులాబీ కాగితం మీద వంద, జెరాక్స్ షాపులో నల్ల అక్షరాలతో. పసుపువి పక్క మూడు సందులకు, గులాబీవి పేపర్లో పెట్టించడానికి. 'ఈ కాగితం తెస్తే పెరుగు చట్నీ ఉచితం' అని ఒక్కటే మాట. రెండు వారాల్లో కౌంటరు దగ్గర మేకుకు గుచ్చిన కాగితాల్లో పసుపే ఎక్కువ కనబడింది. ఏ దారి పనిచేస్తోందో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నాకు తెలీదు.

అడ్రస్ కూడా మార్చాం. డోర్ నంబరు చిన్నగా వేసి, 'రామాలయం వెనక సందు, ఇస్త్రీ బండి ఎదురుగా' అని పెద్దక్షరాల్లో వేశాం. మనం దారి అడిగేదీ చెప్పేదీ ఇలాగే కదా. ఫోన్ మ్యాపు తెచ్చి సందు మొదట్లో వదిలేస్తుంది, ఇస్త్రీ బండి గుమ్మం దాకా తెస్తుంది.

అలాగని రోడ్డు మీద పంచడం ఎక్కడైనా దండగే అనను. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర బస్సు దిగినవాడి చేతిలో కోర్సు పాంప్లెట్, హాస్టల్ పాంప్లెట్ పెడతారు. అక్కడ దిగే కుర్రాళ్లలో చాలామంది వెతుక్కుంటూ వచ్చిందే వాటి కోసం. ట్యూషన్లకూ అంతే. బడులు తెరిచే జూన్‌లో తల్లి ఆగి చదివే కాగితాన్ని అక్టోబరులో తిరగేసి కూడా చూడదు.

ఇక పంచే మనిషి సంగతి. ఎండలో నిలబడి వెయ్యి పంచమని రోజు కూలికి ఓ పిల్లాడిని పెట్టి, సాయంత్రం కాలవ పక్కన పాంప్లెట్ల కట్ట కనబడిందని వాడిని తిడతాం. ఆ షాపులో ఏం అమ్ముతారో కూడా వాడికి ఎవరూ చెప్పి ఉండరు. మంచినీళ్లు ఇచ్చి, ఏ సందులు తిరగాలో చూపించి, రెండు వందల కాగితాలే చేతికిస్తే ఆ పని తీరే వేరుగా ఉంటుంది.

మా పసుపు కాగితాలు వదినే తిరిగి పంచింది. మూడో ఇంట్లో ఓ పెద్దావిడ కాగితం తీసుకుని, చదవకుండానే, 'పిల్లలకి కారం లేకుండా ఏవన్నా చేస్తావా అమ్మా?' అని అడిగిందట. తర్వాత వేయించిన రెండు వందల్లో ధరల పైన ఒక వరుస కలిసింది: 'పిల్లలకు కారం లేని పప్పు, రోజూ సాయంత్రం ఆరింటికి.'