మద్దెలకు పంచనామా ఏదీ?

‘ఆడలేక మద్దెల ఓడు’ అనే సామెతను పాఠ్యపుస్తకాల్లోంచి తక్షణం తీసెయ్యాలి. అందులో ఆడే మనిషి వాదన ఎవరూ వినలేదు. మద్దెలను తెప్పించి చూసినవాడు లేడు, పంచనామా లేదు. అది నిజంగానే ఓడైతే?

నా కేసే వినండి. చిన్నప్పుడు తిరుపతి రైల్వే స్టేషను దగ్గర సందులో ఒక వీడియో గేముల కొట్టు ఉండేది. రూపాయి బిళ్ళ వేస్తే ప్యాక్‌మ్యాన్, అంటే దయ్యాలకు దొరక్కుండా చుక్కలు తింటూ పోయే పసుపు ముద్ద ఆట. నన్ను చూస్తే ఎర్ర దయ్యం పారిపోయేది. (పెద్ద చుక్క తింటే కాసేపు ఎవర్ని చూసినా పారిపోతుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.) ఇప్పుడు నలభై ఏడో ఏట అదే ఆటను కంప్యూటర్లో ఎక్కించి, టీవీకి తగిలించి, గేమ్‌ప్యాడ్ మీద బొటనవేలు అరగదీసినా రెండో బోర్డు దాటడం లేదు. వయసైందని మా ఆవిడ తీర్పు. కంట్రోలర్ బాలేదని నా అప్పీలు.

గాంధీ రోడ్డులో అడిగితే “జాయ్‌స్టిక్కా? ఏ బండికి సార్?” అన్నారు. చివరికి ఆన్‌లైన్లో ఆర్కేడ్ స్టిక్ తెప్పించా. పీటంత పెట్టె, ఎర్ర గుండు తల ఉన్న కర్ర, ఎనిమిది బటన్లు. కర్ర కదిపితే లోపల మైక్రోస్విచ్ ‘టిక్కు’మంటుంది. ఆ చప్పుడుకే సగం డబ్బులు గిట్టాయి. అయినా రెండో బోర్డే.

విచారణలో తేలిందేమంటే, 1980లో జపాన్ కంపెనీ నామ్కో వాళ్ళు ప్యాక్‌మ్యాన్‌ను నాలుగు దిక్కుల కర్రకు చేశారు. నాది ఎనిమిది దిక్కులది. కాస్త మూలకు వాలితే చాలు, పైదీ పక్కదీ రెండు స్విచ్చులూ ఒకేసారి పడతాయి. లీలామహల్ సర్కిల్లో హ్యాండిల్ సగం తిప్పి ఆలోచించే ఆటో మాదిరి నా పసుపు ముద్ద మలుపులో నిలబడుతుంది. వెనకాలే దయ్యం. సరేనని పెట్టె అడుగు విప్పి, కర్ర చుట్టూ ఉండి దాని కదలికకు హద్దు వేసే ప్లాస్టిక్ గేటును నాలుగు దిక్కులకు తిప్పి బిగించా. వెంటనే స్ట్రీట్ ఫైటర్ 2 అనే కొట్లాట ఆట మూలపడింది. 1991 నాటి ఆ ఆటలో కర్ర కిందినుంచి మూల మీదుగా ముందుకు రాకపోతే చేతిలోంచి నిప్పుబంతి పుట్టదు.

అసలు అన్నిటికీ ఒకే కంట్రోలర్ అన్న మాటే దగా. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌కు కర్రే లేదు, ఐదు బటన్లంతే. బ్రేకౌట్‌కు తిప్పే గుండీ, సెంటిపీడ్‌కు దొర్లే బంతి, రోబోట్రాన్‌కు చేతికొక కర్ర. లెక్కన మర్యాదస్తుడి ఇంట్లో అరడజను పెట్టెలు ఉండాల్సిందే. పెళ్ళికొచ్చిన స్టీలు సామాన్లు ఇరవై ఏళ్ళుగా అటకెక్కి కూర్చుంటే లేని ఇబ్బంది నా పెట్టెలకే ఎందుకో అర్థం కాదు.

ఇంతలో మావాడు కొత్త సాక్ష్యం తెచ్చాడు. “నాయినా, నీ టీవీ లేటు.” నిజమే! ఆట సెకనుకు 60 బొమ్మలు పంపిస్తుంది. ఈ పల్చటి టీవీ ఒక్కోదానికి సోకులు చేసి చూపించేలోగా దయ్యం నన్ను తినేసి ఉంటుంది. పాత డబ్బా టీవీకి ఈ అలంకారాలు లేవు, వచ్చింది వచ్చినట్టే గీస్తుంది.

చిత్తూరులో మా అత్తగారింట్లో అలాంటిదొకటి ఉంది. ఆన్ చేసి పదేళ్ళు. దాని మీద మామగారి ఫోటో, దండ, దీపం. ఆదివారం పొద్దున బస్సుకు పోతున్నా. అత్తగారికింకా చెప్పలేదు.