బ్రౌన్ బంగళా కడపలో, అక్కడి రాతప్రతులు చెన్నైలో

కడప ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉన్న చోటనే రెండు వందల ఏళ్ల కిందట, తెలుగు గ్రంథాలను సేకరించి పరిష్కరింపజేసిన ఆంగ్లేయ అధికారి ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కొనుక్కున్న బంగళా, దాని చుట్టూ తోట ఉండేవి. ఆ బంగళా కాలక్రమంలో శిథిలమైపోయింది. నూరేళ్లు దాటిన కట్టడాలను, శిథిలాలను దృష్టిలో పెట్టుకుని రాసిన 1958 నాటి కేంద్ర చట్టంలో, ఒక ఇంట్లో జరిగిన పనిని వారసత్వంగా గుర్తించి కాపాడే ఏర్పాటు లేదు. బ్రౌన్ బంగళా విషయంలో మాత్రం విలువంతా ఆ పనిలోనే ఉంది కాబట్టి, ఇల్లు పోయిందని విచారించి ఊరుకోవడం కన్నా, అక్కడ ఏం జరిగింది, దాని ఫలితం ఇప్పుడు ఎక్కడుంది అని అడగడం అవసరం.

1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, కంపెనీ కొలువుకు కావలసినంత తెలుగు నేర్చుకుని, 1820లో కడప కలెక్టరు హాన్బరీకి సహాయకుడిగా వచ్చారు. మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి 1826లో మళ్లీ కడప చేరేనాటికి ఆయన తెలుగు గ్రంథాల సేకరణలో పూర్తిగా మునిగిపోయి ఉన్నారు. అప్పటినుంచి ఆ బంగళా ఒక ఉద్యోగి నివాసంగా మిగలలేదు. పండితులను, లేఖకులను జీతాలిచ్చి అక్కడ కూర్చోబెట్టారు. ఆ జీతాల కోసం తన సంపాదన ఖర్చు చేయడమే కాక అప్పులు కూడా చేశారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు.

ఆ కాలేజీలో పాఠాలు చెప్పేవారు కాదు, పాఠాలు పరిష్కరించేవారు. ఒక కావ్యానికి ఊరూరా దొరికిన తాళపత్ర ప్రతులను తెప్పించడం, వాటిని కాగితం మీదికి ఎత్తి రాయించడం, ఒక ప్రతిలోని పద్యాన్ని మరో ప్రతిలోని పద్యంతో సరిపోల్చి పాఠాంతరాలను గుర్తించడం, గంటం జారి చేరిన తప్పేదో, కవి రాసిన మాటేదో పండితులు చర్చించి తేల్చడం, చివరికి శుద్ధప్రతి తయారు చేయడం అక్కడి దినచర్య. చేతిరాతలో ఒకరి నుంచి ఒకరికి వచ్చే గ్రంథం ఎత్తి రాసిన ప్రతిసారీ కొంత మారుతుంది. కాబట్టి అన్ని ప్రతులనూ ఒక్కచోట పెట్టి చూసే ఏర్పాటు లేకుండా నమ్మదగిన ముద్రణ సాధ్యం కాదు. కడపలో అలాంటి ఏర్పాటు ఒక ప్రైవేటు ఇంట్లో, ఒక మనిషి జేబు ఖర్చుతో నడిచింది. బ్రౌన్ వేమన పద్యాల వెంట పడింది మచిలీపట్నంలోనే అయినా, 693 పద్యాలతో, ఇంగ్లీషు అనువాదంతో ఆ పద్యాల సంకలనం 1829లో మద్రాసులో అచ్చయ్యే నాటికి ఆయన సేకరణకు కడపే ముఖ్య స్థానం.

ఇక్కడ బ్రౌన్ మాటను యథాతథంగా ఒప్పుకోలేని చోటు ఒకటుంది. 1825 నాటికి తెలుగు సాహిత్యం చచ్చిపడి ఉందని, ముప్పయ్యేళ్లలో తాను దానికి ప్రాణం పోశానని ఆయన రాసుకున్నారు. ఆయన శ్రమను ఎంత గౌరవించినా, చచ్చిపడి ఉన్న సాహిత్యానికి అన్ని ఊళ్లలో అన్ని ప్రతులు ఎలా ఉన్నాయి, వాటిని చదివి అర్థం చెప్పగల జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి లాంటివారు ఎక్కడినుంచి వచ్చారు అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. కడపలోని ఈ కాలేజీని కనిపెట్టుకుని ఉన్న అయోధ్యాపురం కృష్ణారెడ్డి పేరు ఈనాడు జిల్లాలోనే ఎందరికి తెలుసు? ప్రాణం ఉన్న సాహిత్యాన్ని ఒక పద్ధతిలోకి, అచ్చులోకి తెచ్చిన ఘనత బ్రౌన్‌ది. ఆ ప్రాణాన్ని అంతవరకు నిలిపింది మాత్రం ఈ పండితులు, వారి ముందు తరాలవారు. ఆ స్థలానికి ఒకే పేరు తగిలించి ఊరుకోవడం న్యాయం కాదు.

శిథిలాల చోట గ్రంథాలయం లేవడం కడప రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల ఫలితం. విగ్రహం పెట్టి పూలదండ వేస్తే సరిపోయే సందర్భంలో ఆయన పుస్తకాలు, విరాళాలు అడిగి ఊరూరా తిరిగారు. జ్ఞాపకం పనిలోకి రావాలన్న ఆయన నిర్ణయం కన్నా బ్రౌన్‌కు తగిన స్మారకం మరొకటి ఉండేది కాదని నా అభిప్రాయం. తర్వాత ఆ సంస్థ యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి చేరింది. బ్రౌన్ కన్నా ముందు కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన కడప జిల్లా కైఫీయత్తులను, అంటే ఊళ్ల చరిత్రలను, ఆ కేంద్రం పుస్తకాలుగా వెలువరించడం, ఆ స్థలంలో జరగవలసిన పనికి చక్కని నమూనా.

లోటు మరోచోట ఉంది. బ్రౌన్ తన సేకరణను 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. ఆ ప్రతులు ఆ తర్వాత ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరి ఈనాటికీ చెన్నైలోనే ఉన్నాయి. అవి భద్రంగా ఉండడానికి ఆ గ్రంథాలయమే కారణం కాబట్టి వాటిని వెనక్కి తెమ్మనడం సబబు కాదు. కానీ కడపలో ఒక పరిశోధక విద్యార్థి బ్రౌన్ పండితుల చేతిరాత చూడాలంటే పొరుగు రాష్ట్ర రాజధానికి వెళ్లవలసి రావడం మాత్రం సరిదిద్దగలిగిన విషయమే. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని ఆ ప్రతులన్నిటికీ స్పష్టమైన డిజిటల్ నకళ్లు తీయించి కడప కేంద్రంలో పెట్టాలి. ప్రతి దానికీ ఎత్తి రాసిన వారు, సరిచూసిన వారు, ఏ ఊరి ప్రతి నుంచి రాశారు అనే వివరాలు ఎంత దొరికితే అంతవరకు నమోదు చేయాలి. అప్పుడే పండితుల పేర్లు శిలాఫలకం మీదికి కాక, వారి పని పక్కకు చేరతాయి. విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో పాఠ పరిష్కరణను ఒక అభ్యాసంగా నేర్పి, ఏటా కొందరు విద్యార్థులకు ఆ నకళ్ల నుంచి ఒక్కో చిన్న గ్రంథాన్ని అప్పగించవచ్చు. వాళ్లు కూర్చుని ప్రతులు సరిచూసే గది ఎర్రముక్కపల్లెలోని ఆ ఆవరణలోనే ఉండాలి.