స్క్రైబ్‌ను ఇస్తే సరిపోతుందా?

పదో తరగతి పరీక్షల్లో దివ్యాంగ పిల్లలకు అదనపు సమయం, స్క్రైబ్ (వాళ్లు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి అన్నట్టుంది నేను చదివిన ఒక వ్యాసం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ చూడండి. పరీక్షా విధానంతో పాటు పాఠ్యప్రణాళికను కూడా మార్చమంది. మనం మొదటిది పట్టుకుని రెండోదాన్ని వదిలేశాం.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఒక ఏడాది చూపు బాగా తక్కువున్న అమ్మాయి నా క్లాసులో ఉండేది. నోటి లెక్కల్లో చురుకు. బోర్డు మీద గ్రాఫ్ గీస్తూ "ఇదిగో, ఈ బిందువు" అంటే ఆమెకేం తెలుస్తుంది? (నాకు ఆ సంగతి తట్టడానికే రెండు నెలలు పట్టింది, సిగ్గుగానే చెబుతున్నా.) థర్మకోల్ షీటు మీద గుండుసూదులు గుచ్చి, దారాలు కట్టి ఇచ్చాను. రెండు రేఖలు ఎక్కడ కలుస్తున్నాయో వేలితో తడిమి చూపించింది.

అసలు టెన్షన్ పరీక్ష దగ్గర. స్క్రైబ్‌గా వచ్చింది తొమ్మిదో తరగతి పిల్ల, త్రికోణమితి ఇంకా చదవలేదు. "రూట్ 3 బై 2" అని చెబితే రూటు గీత 3 మీదేనా, మొత్తం మీదా? తెలిసిన లెక్కకే మార్కులు పోయాయి. లెక్కను నోటితో పొల్లుపోకుండా చెప్పించడం ఎనిమిదో తరగతి నుంచే పాఠంలో భాగం కావాలి. స్క్రైబ్‌తో కూర్చోబెట్టి కనీసం నాలుగైదు పాత పేపర్లు రాయించాలి. మా బడిలో ఇప్పుడు డిసెంబర్‌లోనే మొదలుపెడుతున్నాం.