పదో రోజు పత్రిక

గత వారం మా కార్యాలయానికి ఒక పెద్ద కవరు వచ్చింది. పంపినవారు మన విశాఖ ఉక్కునగరంలో పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన ఒక పాఠకుడు. లోపల రెండు చార్టు కాగితాలున్నాయి. మొదటిదాని మీద ఒకే ప్రమాదం గురించి ఒకే రోజున ఆరు పత్రికల్లో వచ్చిన వార్తలను కత్తిరించి, గీతలు గీసి, వరసగా అంటించారు. పారిశ్రామికవాడలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ఊపిరాడక చనిపోయిన వార్త అది. ఆరింటిలో మాదీ ఒకటి. అడుగున ఎర్ర సిరాతో ఒక ప్రశ్న: "అయ్యా, వీటిలో ఏది జరిగింది?"

రెండో కాగితం సంగతి తర్వాత చెబుతాం.

ఆ ముక్కలను పక్కపక్కన పెట్టి చదివితే తెలుగు పత్రికా రచన మీద ఒక పాఠమే దొరుకుతుంది. ఒక పత్రిక భార్య రోదిస్తున్న ఫొటోను నాలుగు కాలమ్‌ల వెడల్పున వేసి, దాని మీద రెండు పంక్తుల కవిత్వం రాసింది. మరో పత్రికకు అది సర్కారు నిర్లక్ష్యానికి నిలువెత్తు నిదర్శనం. ఇంకో పత్రికకు అదే ప్రమాదం ప్రభుత్వం గంటలోపే స్పందించిన తీరుకు నిదర్శనం. మంత్రి పరామర్శ మొదటి వాక్యంలో ఉంది, మృతుల పేర్లు ఐదో వాక్యంలో ఉన్నాయి. వామపక్ష పత్రిక కాంట్రాక్టు విధానాన్ని నిలదీసింది. నష్టపరిహారం ఎంత అడుగుతున్నారో చెప్పింది గానీ చనిపోయిన మనుషులు ఎలాంటివారో చెప్పలేదు. ఇంగ్లీషు పత్రిక ఒక్క కాలమ్‌లో, తడిలేని మాటల్లో, ఇద్దరు మరణించారని రాసి ఊరుకుంది. మా శీర్షిక 'మృత్యుకూపం'. ఆ మాటను, వార్తలు దిద్ది శీర్షికలు పెట్టే మా డెస్కు ఈ ఏడాది ఎన్నిసార్లు వాడిందో లెక్క తీద్దామనుకున్నాం. ధైర్యం చాలలేదు.

ఈ తేడాలను చూసి తెలుగు పత్రికలను ఎగతాళి చేయడం తేలిక. ఇంగ్లీషు పత్రిక క్లుప్తత గంభీరమనీ, తెలుగు పత్రిక కన్నీరు చౌకబారుదనీ తీర్పు చెప్పేవారు మన సెమినార్లలో ఎప్పుడూ ఉంటారు. మేము ఆ మాట ఒప్పుకోం. తడిలేని ఆ ఒక్క కాలమ్‌లో చనిపోయినవారు ఒక అంకె. తెలుగు ముక్కల్లో మాత్రం వారిలో ఒకరు శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వచ్చారనీ, పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోందనీ, పండక్కి ఊరెళ్లడానికి టికెట్లు కొన్నారనీ ఉంది. ఆ ఊరివాళ్లు ఆ వార్త చదివారు. తన ఊరి పేరు అచ్చులో చూడటానికే పేపరు కొనే పాఠకుడు మనకున్నాడు, అతడిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

మా బాధ వేరు. ఆరు పత్రికలూ కలిపి అంత రాశాయి గదా, ఆ పాఠకుడు వెతికిన సంగతి ఒక్కదానిలోనూ లేదు. ఇలాంటి ట్యాంకులోకి మనిషిని దించే ముందు ఏం చేయాలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్ ఏనాడో స్పష్టంగా రాసిపెట్టింది. లోపల ప్రమాదకర వాయువు లేదని అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి, రాతపూర్వకంగా ధ్రువపత్రం ఇవ్వాలి. లేదంటే దిగే మనిషికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకు బెల్టు ఉండాలి, బెల్టుకు కట్టిన తాడు రెండో కొస బయట నిలబడిన మనిషి చేతిలో ఉండాలి. కాబట్టి అడగవలసినవి ఎన్నో లేవు. పరీక్ష చేశారా? పత్రం మీద సంతకం ఎవరిది? తాడు పట్టుకున్నదెవరు? మా విలేకరి కూడా అడగలేదు. 'విచారణకు ఆదేశించామని అధికారులు తెలిపారు' అన్న వాక్యంతో వార్త ముగించి పంపాడు. మా డెస్కు దాన్ని అలాగే అచ్చుకు పంపింది. తెలుగు పత్రికల్లో ఎన్ని వార్తలు ఆ వాక్యం దగ్గర కన్ను మూశాయో!

పత్రికల శైలిని పోల్చేవారు సాధారణంగా మొదటి రోజు పేజీలను పోలుస్తారు. అక్కడే పొరపాటు జరుగుతోందని మేమంటాం. మొదటి రోజున రంగులు, అక్షరాల సైజు, ప్రాసలు తేడాగా ఉంటాయి గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే: పోలీసులు చెప్పింది, ఆసుపత్రి దగ్గర కనిపించింది, నాయకులు అన్నది. పత్రిక అసలు స్వభావం బయటపడేది పదో రోజున. అప్పటికి మంత్రి వెళ్లిపోయి ఉంటాడు, కెమెరాలు ఇంకో ఊరికి పోయి ఉంటాయి.

ఇందుకు మన నగరంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడింది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. ఆ వేళకు పత్రికలు అచ్చయి బండ్లెక్కేశాయి. ఆ ఉదయం జనం గుమ్మాల్లో పడిన పేపర్లకు ఆ సంగతే తెలియదు. రోడ్ల మీద నడుస్తూ నడుస్తూనే కూలిపోయిన మనుషులను లోకానికి చూపించింది టీవీ, అంతకంటే ముందు సెల్‌ఫోను. ఆ వేగానికి మేము మొక్కవలసిందే. కానీ అదే రోజు రాత్రి, ట్యాంకు మళ్లీ లీకవుతోందన్న కబురు అవే ఫోన్ల మీద పాకి, చుట్టుపక్కల కాలనీల జనం పిల్లలను చంకనేసుకుని చీకట్లో రోడ్ల మీదికి వచ్చారు. ప్రాణాలు కాపాడిన సాధనమే ప్రాణాలు తోడేసింది.

12 మందిని బలిగొన్న ఆ దుర్ఘటనలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం మే నెలలో ఏ పత్రికా రాయలేకపోయింది. అది జూలై 6న ప్రభుత్వానికి చేరిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలో ఉంది. ట్యాంకులో ఉష్ణోగ్రతను అదుపు చేయడంలోనూ, స్టైరీన్ గడ్డకట్టకుండా కలిపే రసాయనం నిల్వల్లోనూ లోపాలున్నాయని చెబుతూ, ఆ కర్మాగారంలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఒక్కచోటా మోగించలేదని ఆ కమిటీ తేల్చింది. ఊరంతా నిద్రపోతున్న వేళ మోగని ఆ సైరనే అసలు వార్త. అది రెండు నెలలకు వచ్చింది. అప్పటికి ఎందరు చదివారు? ఎన్ని పత్రికలు దాన్ని వెంకటాపురం వాసులకు అర్థమయ్యేలా, ఫలానా చోట ఫలానా మీట ఉందని బొమ్మ గీసి చూపించాయి? మేము రాసింది ఇప్పుడు తీసి చూసుకుంటే సగం పేజీ నిండా నాయకుల స్పందనలే ఉన్నాయి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని ఈ నగరం వీధుల్లోకి వచ్చినప్పుడు, నవంబరు 1న ఇక్కడ పోలీసు కాల్పులు జరిగినప్పుడు, పెద్ద తెలుగు దినపత్రికలేవీ విశాఖలో అచ్చయ్యేవి కావు. విజయవాడలోనో మద్రాసులోనో అచ్చయి రైలెక్కి వచ్చేవి. తమ వీధిలో జరిగిన సంగతి చదవడానికి జనం బండి ఎప్పుడొస్తుందా అని చూసేవారు. 1974 ఆగస్టు 10న 'ఈనాడు' ఇక్కడి నుంచి మొదలై ఆ రివాజును మార్చింది. పోటీ పత్రిక గురించి మంచి మాట రాయడం ఈ వృత్తిలో కష్టమైన పని, అయినా చరిత్రను దిద్దలేం కదా. ఆ పేరులోనే ఈ రోజు అనీ, ఈ సీమ అనీ రెండర్థాలున్నాయి. తెల్లవారకముందే గుమ్మంలో పేపరు, అందులో మన ఊరి వార్త. 1989లో జిల్లా టాబ్లాయిడ్లు, అంటే జిల్లా వార్తలకే కేటాయించిన చిన్న సైజు సంచికలు వచ్చాక ఆ రెండో అర్థం ఇంకా బలపడింది. మండలానికొక విలేకరి వచ్చాడు. పగిలిన మంచినీటి గొట్టం, పంతులు రాని బడి, మందులేని ఆసుపత్రి అచ్చుకెక్కాయి. తర్వాత మేమందరం అదే బాట పట్టాం.

అయితే ఆ జిల్లా పేజీయే ఇప్పుడు గోడ అయింది. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడు ముక్కలయ్యాక మా పేజీలూ మూడయ్యాయి. అచ్యుతాపురంలో ప్రమాదం జరిగితే అది అనకాపల్లి పేజీ. డోలీలో గర్భిణిని మోసుకొస్తే అది అల్లూరి జిల్లా పేజీ. అచ్యుతాపురంలో రాత్రి షిఫ్టు చేసేవాడు విశాఖ జిల్లా గాజువాకలో అద్దెకుంటాడు, అతడి ఇంటికొచ్చే పేపరులో మాత్రం అతడి కర్మాగారం వార్త ఉండదు. 2024 ఆగస్టు 21న అక్కడి ఫార్మా కర్మాగారంలో 17 మంది చనిపోయినప్పుడు ఆ వార్త గోడ దాటి రాష్ట్రమంతా పాకింది. ఇద్దరు చనిపోతే దాటదు. ఎంతమంది చనిపోతే పక్క జిల్లా పేజీలోకి రావచ్చో ఏ డెస్కులోనూ రాసిపెట్టి లేదు గానీ, ప్రతి ఉపసంపాదకుడికీ తెలుసు.

పత్రికలు పట్టు వదలకపోతే ఏమవుతుందో తెలియనివాళ్లం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. అది ఒక రోజు వార్తగా మిగిలి ఉంటే ఆ ఊరితోనే ఆగిపోయేది. నెలల తరబడి, ఊరి తర్వాత ఊరు, పత్రికలు రాస్తూ పోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. పోరాడింది ఆ తల్లులే, అందులో సందేహం లేదు. పత్రికలు చేసిందల్లా రెండో రోజు కూడా వెళ్లడం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య మా అక్షరాలతో, మా రంగులతో, మా పత్రిక పేరు ముద్రతో నకిలీ క్లిప్పింగులు తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లోకి వదులుతున్నారు. మేము రాయని వార్త మేము రాసినట్టుగా మద్దిలపాలెం టీ దుకాణం దగ్గర చర్చకొస్తుంది. చూడబోతే అచ్చు మా పత్రికే, మా శీర్షికల ప్రాస కూడా వాళ్లకు పట్టుబడింది. మా శైలి అంత సులువుగా దొంగిలించదగినదని తెలిసి చిన్నబోయాం. ఆ నకిలీవాడికి ఒకటే చేతకాదు: నిన్నటి తన వార్త కొనసాగింపు ఈ రోజు ఇవ్వలేడు. అతడికి నిన్న అన్నది లేదు. మేము కూడా నిన్నటిని వదిలేస్తే అతడికీ మాకూ తేడా కాగితం ధర మాత్రమే.

ఇక రెండో కాగితం. దాని మీద 'పదో రోజు' అని రాసి, పెన్సిలుతో ఆరు గడులు గీసి, ఆరు పత్రికల పేర్లు పెట్టారు ఆ పాఠకుడు. నాలుగు ఖాళీగా ఉన్నాయి. ఇంగ్లీషు పత్రిక గడిలో నాలుగు పంక్తుల ముక్క ఉంది, కర్మాగారానికి నోటీసు ఇచ్చారని. మేము తడిలేనిదన్న ఆ పత్రికే తిరిగి వెళ్లింది. మా గడిలోనూ ఒక ముక్క ఉంది, వార్త కాదు. ఒక నాయకుడి పుట్టినరోజుకు పారిశ్రామికవాడ యాజమాన్యాలు చెప్పిన శుభాకాంక్షల ప్రకటన, మొదటి పేజీ అడుగున, నాలుగు రంగుల్లో. దానికింద ఆయన ఏమీ రాయలేదు.

మా విలేకరిని నిన్న మళ్లీ పంపాం. పరీక్ష చేసిన పత్రం చూపించమని కర్మాగారాన్నీ, తనిఖీ అధికారులనూ అడిగాడు. కర్మాగారం గేటు దగ్గరే ఆపేశారు. అధికారులు విచారణ సాగుతోందన్నారు. ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే చెప్పలేమన్నారు. ఆ మాటలను, ఎవరన్నారో వారి హోదాతో, తేదీతో సహా ఈ రోజు మూడు జిల్లాల సంచికల్లోనూ రెండో పేజీలో ఒకే చోట వేశాం. శీర్షిక 'పరీక్ష పత్రం చూపించలేదు'. ఫొటో లేదు.